కుందేలుకు పంట్లో చీము పట్టి మేత మానేస్తే: ఇంట్లో చేయాల్సినవి, డాక్టరును అడగాల్సినవి

కుందేలు రాత్రి నుంచి గడ్డి ముట్టలేదు. గడ్డం కింద బొచ్చు తడిసి ఉంది. దవడ ఎముక వెంట వేలితో తడిమితే ఒకచోట గట్టిగా ఉబ్బెత్తుగా తగులుతోంది. ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే మీరు రెండు జబ్బులతో వేగాల్సి ఉంటుంది. ఒకటి పంటి వేరు దగ్గర చేరిన చీము. అది వారాల తరబడి ముదిరి ఉంటుంది, తగ్గడానికి నెలలు పట్టొచ్చు. రెండోది ఖాళీ పొట్ట. దానికి గడువు గంటల్లోనే. చాలామంది కంటికి కనిపించే వాపును చూసి కంగారుపడతారు గానీ, కుందేలును ముందుగా తీసుకుపోయేది ఆ వాపు కాదు, ఆగిపోయిన పేగు. అందుకే ఇందులో పొట్ట సంగతి ముందు, పంటి సంగతి తర్వాత రాస్తున్నాను.

మొదట పొట్ట చూడండి

కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. పీచు లోపలికి వెళ్తున్నంతసేపే అది సరిగ్గా కదులుతుంది. మేత ఆగితే పేగు నెమ్మదిస్తుంది, గ్యాస్ చేరుతుంది, నొప్పి పుడుతుంది. ఆ నొప్పితో ఇంకా తినదు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి లోపల ఉన్నది వెనక్కి వచ్చే దారి లేదు. ఎక్కువసేపు పస్తుంటే, ముఖ్యంగా లావుగా ఉన్న కుందేళ్లలో, ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి పట్టేస్తుంది. 12 గంటలు ఏమీ తినకుండా ఉంటే అది ఎమర్జెన్సీయే. 'రేపు పొద్దున చూద్దాం' అనుకోకండి.

ముందు పంజరం అడుగున పెంటికలు చూడండి. బాగున్న కుందేలు పెంటికలు గుండ్రంగా, ఒకే సైజులో, వేళ్లతో నలిపితే లోపల పొడి గడ్డి పొట్టులా ఉంటాయి. మేత తగ్గితే అవి చిన్నవై, నల్లబడి, గట్టిపడతాయి. తర్వాత అసలే ఉండవు. చెవులు పట్టుకుని చూడండి. చల్లగా ఉండి, కుందేలు నీరసంగా ముడుచుకుని కూర్చుంటే ఒంటి వేడి పడిపోతోందని అర్థం. కుందేలు మామూలు ఒంటి వేడి 101.3 నుంచి 104 డిగ్రీల ఫారన్‌హీట్. అంటే మనకు జ్వరం అనిపించే వేడే దానికి మామూలు. 100.4 కంటే తగ్గితే ప్రమాదం. గోరువెచ్చటి నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టండి, ఇష్టం లేకపోతే అది పక్కకు జరగడానికి చోటు వదలండి.

తర్వాత పొట్ట. మెత్తగా ఉందా, బిగుసుకుని ఉందా? అప్పటిదాకా బాగా తిని, ఉన్నట్టుండి కుదేలై, పొట్ట ఉబ్బి గట్టిపడిందంటే పేగులో అడ్డం పడి ఉండొచ్చు. అలాంటప్పుడు సిరంజితో ఏదీ తినిపించవద్దు, వెంటనే బయలుదేరండి. ఆస్పత్రిలో రక్తంలో చక్కెర చూడమని అడగండి. డెసీలీటరుకు 360 మిల్లీగ్రాములు దాటితే అడ్డం పడిందేమోనని గట్టిగా అనుమానించాలి. పంటి జబ్బుతో వచ్చే పస్తు ఇలా ఉండదు, మెల్లగా వస్తుంది. కొన్ని రోజులుగా మేత తగ్గుతూ వచ్చి ఉంటుంది.

పంటి జబ్బు ఎలా మొదలవుతుంది

కుందేలుకు 28 పళ్లు. అన్నీ బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. మనకు కనిపించే ముందు పళ్లు వారానికి సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. దవడ పళ్లు అంతకంటే నెమ్మది. గంటల తరబడి గడ్డిని పక్కలకు నూరి నూరి తింటేనే అవి అరుగుతాయి. బిస్కెట్టు, బ్రెడ్డు, అన్నం, నానబెట్టిన శనగలు, క్యారెట్ ముక్కలు తినే కుందేలు ఆ నూరే పని చేయదు. పళ్లు పైకి పెరిగి, అంచులు సూదుల్లా మొలిచి నాలుకనో బుగ్గనో గీరుతాయి. పైకి చోటు లేక వేళ్లు కిందికీ నెట్టుకుంటాయి. కింది దవడ అంచున తగిలే బుడిపెలు అవే. పై దవడ వేళ్లు కంటి కిందికి వెళ్లి కన్నీటి గొట్టాన్ని నొక్కుతాయి. అందుకే ఒక కన్ను ఆగకుండా కారుతున్న కుందేలుకు కంటి చుక్కలు వేసుకుంటూ కూర్చుంటే లాభం లేదు, పళ్లు చూపించాలి.

గుండ్రటి పొట్టి ముఖం ఉన్న మరుగుజ్జు జాతులకు, చెవులు వేలాడే లాప్ జాతులకు ఈ ఇబ్బంది పుట్టుకతోనే రావచ్చు. ఎండ అసలే తగలకుండా ఫ్లాట్లో పెరిగి, మేతలో కాల్షియం కూడా తక్కువైతే దవడ ఎముక బలహీనపడి పళ్లు కదిలిపోతాయంటారు నిపుణులు. ఇంత చెప్పినా 'కుందేలంటే క్యారెట్టే' అనే వాళ్లు ఉంటారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టుంటుంది వాళ్ల వాదన. క్యారెట్‌లో చక్కెర ఎక్కువ, నూరే పని తక్కువ. అది ఎప్పుడో ఒక ముక్క పెట్టే చిరుతిండి మాత్రమే.

తొలి గుర్తులు చిన్నవిగా ఉంటాయి. గిన్నె దగ్గరికి ఆత్రంగా వస్తుంది, మూతి పెడుతుంది, ఒక ముక్క నోట్లోకి తీసుకుని వదిలేస్తుంది. గడ్డి మానేసి మెత్తటి ఆకులే ఏరుకుంటుంది. మూతి తుడుచుకుని తుడుచుకుని ముందు కాళ్ల లోపలి బొచ్చు అట్టకడుతుంది. పళ్లు గట్టిగా పటపటా నూరుతుంది. నిమిరినప్పుడు హాయిగా చేసే సన్నటి చప్పుడు వేరు, ఇది వేరు. రాత్రిపూట అది తన మెత్తటి పెంటికలను నోటితో అందుకుని తిరిగి తినాలి. నోరు నొప్పిగా ఉంటే అదీ మానేస్తుంది, అవి వెనక బొచ్చుకు అంటుకుని ఉంటాయి. దాన్ని విరేచనాలని పొరబడకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

కుక్కలనూ పిల్లులనూ చూసే డాక్టర్లందరూ కుందేళ్లను చూడరు. ఫోన్ చేసి 'కుందేలు దవడ పళ్లు మత్తిచ్చి అరగదీస్తారా, తలకు ఎక్స్‌రే తీస్తారా' అని నేరుగా అడగండి. ఎగ్జాటిక్ పెట్స్ (కుక్క, పిల్లి కాని పెంపుడు జంతువులు) చూసేవారు హైదరాబాద్‌లాంటి నగరాల్లో దొరుకుతారు. ఊళ్లో ఎవరూ లేకపోతే పశువైద్య కళాశాలల ఆస్పత్రులను సంప్రదించవచ్చు. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం కళాశాలలు ఉన్నాయి.

వెంట తీసుకెళ్లాల్సినవి: రోజూ పెట్టే మేత కొంచెం, ఆ రోజు పెంటికలు ఒక కవర్లో, ఇప్పటికే వేసిన మందుల చీటీలు. జంట కుందేలు ఉంటే దాన్నీ అదే బుట్టలో తీసుకెళ్లండి. తోడు ఉంటే జబ్బు కుందేలు టెన్షన్ తగ్గుతుంది, వాసన మారిపోయి తిరిగొచ్చాక కొట్టుకోవడమూ తప్పుతుంది. ఎండాకాలమైతే ఏసీ కారు, లేదంటే తెల్లవారుజామున ప్రయాణం. 30 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి బాగున్న కుందేలుకే కష్టం.

మెలకువగా ఉన్న కుందేలు నోట్లో లైటు పెట్టి చూస్తే వెనక పళ్లు సగమే కనిపిస్తాయి. పైపైన చూసి 'పళ్లు బానే ఉన్నాయి' అన్నంత మాత్రాన నమ్మకం పెట్టుకోవద్దు. కచ్చితంగా తెలియాలంటే మత్తిచ్చి చూడాలి, తలకు నాలుగైదు వైపుల నుంచి ఎక్స్‌రే తీయాలి. వీలుంటే సీటీ స్కాన్ ఇంకా మంచిది. చీము ఎముకలోకి ఎంత దూరం వెళ్లిందో అందులో తెలుస్తుంది.

మత్తు ఇవ్వడానికి ముందు కుందేలును పస్తు పెట్టకూడదు. ఇది గుర్తుంచుకోండి, అవసరమైతే ఆస్పత్రి సిబ్బందికి గుర్తు చేయండి. కుక్కలకు, పిల్లులకు అలవాటుగా చెప్పే 'రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు' అన్న మాట దీనికి వర్తించదు. వాంతి చేసుకోని జంతువుకు ఆ భయం లేదు, పస్తు వల్ల పేగు ఆగే భయం మాత్రం ఉంది.

పెరిగిన ముందు పళ్లను గోళ్లు తీసే కట్టర్‌తో ఇంట్లో కత్తిరించవద్దు, ఎవరైనా కత్తిరిస్తామన్నా ఒప్పుకోవద్దు. పన్ను నిలువునా చీలుతుంది, ఆ చీలిక వెంట క్రిములు వేరుదాకా దిగుతాయి. చిన్న డ్రిల్లుతో అరగదీయడమే పద్ధతి.

చీము గడ్డను పిండితే పోదు

కుందేలు చీము కారే చీము కాదు. టూత్‌పేస్టులా చిక్కగా, తెల్లగా, దుర్వాసనతో ఉంటుంది. చుట్టూ మందపాటి తొడుగు కడుతుంది. గాటు పెట్టి పిండినా, గొట్టం వేసినా అది పూర్తిగా బయటికి రాదు. యాంటీబయాటిక్ ఆ తొడుగు దాటి లోపలికి సరిగ్గా వెళ్లదు. అందుకే గడ్డను తొడుగుతో సహా తీయాలి, మూలమైన పన్నును పీకాలి, చెడిన ఎముకను గీకేయాలి. కొన్నిసార్లు గాయాన్ని కుట్టేయకుండా తెరిచి ఉంచి రోజూ కడుగుతారు, లేదా మందు పట్టించిన పూసలు లోపల పెడతారు. ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడానికి కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) పంపుతుంటే, చీము మధ్య నుంచి కాకుండా తొడుగు గోడ నుంచి ముక్క తీయమని అడగండి. నడిమధ్య చీములో బతికున్న క్రిములు తరచుగా దొరకవు.

ఇక మందులు. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్, సెఫలెక్సిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కుందేలు ప్రాణం తీయగలవు. ఇవి పేగులోని మంచి క్రిములను చంపితే, ఆ చోట విషం పుట్టించే క్రిములు పెరిగిపోతాయి. మనుషుల పంటినొప్పికి మెడికల్ షాపులో చేతికిచ్చేవి సరిగ్గా ఈ జాబితాలోవే. ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన సిరప్ మిగిలింది కదా అని రెండు చుక్కలు వేయడం ఎంత మాత్రం కుదరదు. కుందేళ్లకు మామూలుగా వాడేవి ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా, మెట్రోనిడజోల్ లాంటివి. పంటి చీములో గాలి లేని చోట బతికే క్రిములు ఎక్కువ కాబట్టి మెట్రోనిడజోల్ తోడుగా రాయవచ్చు. ఒకటి గమనించండి: పెన్సిలిన్‌ను చర్మం కింద ఇంజెక్షన్‌గా డాక్టరు ఇస్తే అది తప్పు కాదు. నోటి ద్వారా ఇస్తేనే ఆ ప్రమాదం.

నొప్పి మందు లేకుండా యాంటీబయాటిక్ ఒక్కటే రాస్తే తప్పకుండా అడగండి. నొప్పి తగ్గని కుందేలు తినదు. మెలాక్సికామ్ ఎక్కువగా వాడతారు, అవసరమైతే బ్యుప్రెనార్ఫిన్ ఇస్తారు. మోతాదు తూకాన్ని బట్టి డాక్టరే లెక్కకట్టాలి. కుందేలు ఒంట్లో నీరు తక్కువగా ఉంటే మెలాక్సికామ్ కిడ్నీలకు భారం కాబట్టి చర్మం కింద సెలైన్ ఎక్కించాలా అనీ అడగండి. పేగు కదలికకు ఇచ్చే మందు, అడ్డం పడలేదని తేలాకే.

సిరంజితో తినిపించడం

ఇంట్లో మీరు చేసే పనుల్లో ఇదే అన్నిటికంటే పెద్దది. ఆపరేషన్ ఎంత బాగా చేసినా, తర్వాతి వారం రోజులు కుందేలును నిలబెట్టేది మీ చేతిలోని సిరంజి.

మేత: క్రిటికల్ కేర్ అనే పొడి ఆన్‌లైన్‌లో, కొన్ని పెట్ క్లినిక్‌లలో దొరుకుతుంది. కుందేలు పెంచే ఇంట్లో ఒక ప్యాకెట్ ముందుగానే ఉంచుకోవడం మంచిది, అర్ధరాత్రి వెతికితే దొరకదు. అది లేనప్పుడు గడ్డి పెల్లెట్లు (గడ్డి పొడిని నొక్కి చేసిన గుళికలు) ఒక వంతు, కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లు రెండు వంతులు కలిపి 20 నిమిషాలు నానబెట్టండి. మిక్సీలో మెత్తగా వేసి టీ వడపోతలో నొక్కి తీయండి. పెల్లెట్లు కూడా లేకపోతే, ఆ రాత్రికి గరిక, కొత్తిమీర నీళ్లు పోసి రుబ్బి వడకట్టండి. అది కడుపు నింపదు, తెల్లారేదాకా పేగును కదిలించడానికి మాత్రమే. పాలు, పెరుగు, గంజి, సెరెలాక్ వద్దు.

సిరంజి: మెడికల్ షాపులో సూది లేకుండా 1 మిల్లీలీటరువి, 5 మిల్లీలీటర్లవి తీసుకోండి. మొదటి రోజు 1 మిల్లీలీటరుదే నయం. ఒక్కసారి ఎక్కువ పడిపోదు, నాజిల్ సన్నగా ఉంటుంది. జావ మరీ చిక్కగా ఉంటే అందులో ఇరుక్కుంటుంది, కొంచెం నీళ్లు కలిపి పలుచన చేయండి.

పట్టుకోవడం: బాత్ టవల్‌ను బల్ల మీద పరిచి కుందేలును మధ్యలో కూర్చోబెట్టండి. రెండు అంచులూ మెడ కింద దగ్గరగా మడిచి చుట్టండి, తల మాత్రమే బయట ఉండాలి. వెనక్కి జారకుండా దాని వెనక వైపు మీ కడుపుకు ఆనించుకోండి. వెల్లకిలా ఎప్పుడూ పడుకోబెట్టొద్దు, తల పైకెత్తి పట్టొద్దు. జావ ఊపిరితిత్తుల్లోకి పోతే పంటి జబ్బుకు న్యుమోనియా తోడవుతుంది.

తినిపించడం: ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. పెదవి పక్క నుంచి సిరంజి కొనను ఆ ఖాళీలోకి, అడ్డంగా, నాలుక మీదికి వచ్చేలా పెట్టండి. గొంతు వైపు గురిపెట్టొద్దు. వాపు ఉన్న వైపు కాకుండా రెండో వైపు నుంచి పెట్టండి. అర మిల్లీలీటరు వదిలి ఆగండి. దవడ కదులుతుంది, మూతి కొనలు అటూ ఇటూ ఆడతాయి, చెవి దగ్గర పెడితే నములుతున్న చిన్న చప్పుడు వినిపిస్తుంది. మింగాకే మళ్లీ. గడ్డం మీదుగా ఆకుపచ్చ జావ కారిపోతుంటే మీరు తొందరపడుతున్నారన్నమాట. దగ్గినా, ముక్కులోంచి వచ్చినా వెంటనే ఆపేయండి.

ఎంత: కిలో తూకానికి ఒక్కోసారి 10 మిల్లీలీటర్లు, రోజుకు నాలుగైదు సార్లు. అంటే కిలోన్నర కుందేలుకు ఒక్కోసారి 15. రెండు రోజులు పస్తున్న కుందేలుకు మొదటిసారే అంత పెట్టకండి. ఒకటి రెండు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి ప్రతి రెండు గంటలకూ కొద్దికొద్దిగా పెంచండి. రాత్రి మధ్యలో ఒకసారి లేవాలి. ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకుంటే ఆ వారం గడుస్తుంది. నీళ్లు విడిగా కావాలి. తడి ఆకులు తినని కుందేలుకు రోజుకు కిలోకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు చేరాలి, జావలో ఉన్నదీ అందులో లెక్కే. నోరు నొప్పిగా ఉన్న కుందేలుకు నీళ్ల సీసా గొట్టం కంటే బరువైన గిన్నె సులువు.

చేదు మందును జావ మొత్తంలో కలపొద్దు. జావ మీదే విరక్తి పుడుతుంది. మందు విడిగా వేసి, ఆ వెంటనే జావ ఒక గుక్క ఇవ్వండి.

తినిపించాక మూతి, గడ్డం, ఆడ కుందేలైతే మెడ కింది మడత, తడి గుడ్డతో తుడిచి పొడి గుడ్డతో అద్దండి. అలాగే వదిలేస్తే బొచ్చు అట్టకట్టి కింద చర్మం ఎర్రబడి పుండవుతుంది. ఒళ్లంతా స్నానం మాత్రం చేయించకండి.

తనంతట తాను తినేలా

సిరంజి మేత ఎన్నాళ్లున్నా పక్కనే నిజమైన మేత ఉంచాలి. నొప్పి తగ్గిన గంటలో అది తానే మూతి పెట్టొచ్చు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ ఆకు తాజాగా కడిగి, సన్నగా నిలువుగా తరిగి పెట్టండి. పెల్లెట్లు నానబెట్టి పెట్టండి. వాసన ఘాటుగా ఉన్న ఆకులతోనే ఎక్కువగా తిండి మీద మనసు మళ్లుతుంది. నేనైతే మొదట పుదీనాయే పెడతాను.

గడ్డి విషయంలో మన ఊళ్లలో ఉన్న సౌకర్యం గరిక. మెత్తగా ఉంటుంది, పీచు ఉంటుంది, దాదాపు ఏ కుందేలూ కాదనదు. వినాయక చవితి రోజుల్లో కట్టలు కట్టలుగా అమ్ముతారు. రోడ్డు పక్కన, మందు కొట్టిన పొలం గట్ల మీద కోసింది కాకుండా చూసుకుని, బాగా కడిగి వాడండి. తిమోతి గడ్డి ఖరీదైనా ఆన్‌లైన్‌లో వస్తుంది. పాడి రైతుల దగ్గర నేపియర్, గినీ గడ్డి దొరుకుతాయి, లేతవి తీసుకోండి. వరిగడ్డి నమలడానికి పనికొస్తుంది కానీ అందులో బలం లేదు, అదొక్కటే మేత కాకూడదు. బూజు వాసన వచ్చేది అసలే వద్దు.

ఆపరేషన్ తర్వాత గాయం

తెరిచి ఉంచిన గాయాన్ని డాక్టరు చెప్పిన ద్రావణంతో, చెప్పినన్ని సార్లే కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు, కొత్త చర్మాన్ని కాల్చేస్తుంది. పసుపు, ఇంట్లోని ఆయింట్‌మెంట్లు కూడా వద్దు. కుందేలు వాటిని నాకి మింగుతుంది. మన వాతావరణంలో అసలు శత్రువు ఈగ. తడిసిన గడ్డం, చీము వాసన, వెనక అంటుకున్న పెంటికలు, ఈ మూడు చోట్లా ఈగ గుడ్లు పెడుతుంది, ఒక్క రోజులో పురుగు పడుతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. కుందేలును ఇంట్లోనే, దోమతెర కింద ఉంచండి. పొద్దున, సాయంత్రం ఒళ్లంతా బొచ్చు విడదీసి చూడండి. పురుగు కనిపిస్తే అదే గంటలో డాక్టరు దగ్గరికి.

రోజూ ఒకే వేళకు వంటింటి డిజిటల్ కాటా మీద బుట్టలో కూర్చోబెట్టి తూకం రాయండి. 2 కిలోల కుందేలు 100 గ్రాములు తగ్గితే తినిపించే మోతాదు పెంచాలి, 200 తగ్గితే ఫోన్ చేయాలి. తూకం పక్కనే ఎన్ని మిల్లీలీటర్లు తిన్నది, పెంటికలు ఎలా ఉన్నాయి, ఏ మందు ఎన్నింటికి వేశారు, ఈ నాలుగూ రాస్తే చాలు. డాక్టరు గారు మీ మాట కంటే ఆ కాగితాన్నే ముందు చూస్తారు.

గడ్డ మళ్లీ వస్తే

దవడ చీము తిరగబెట్టే జబ్బు. బాగా తీసినా మళ్లీ రావచ్చు, పక్క పన్నుకు పాకవచ్చు. కొన్ని కుందేళ్లకు నెలా రెండు నెలలకోసారి పళ్లు అరగదీయించాలి. ఖర్చు ఎంతవుతుందో, ఎన్నిసార్లు మత్తు ఇవ్వాల్సి రావచ్చో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. అందులో మొహమాటం అక్కర్లేదు. ముందు పళ్లు అన్నీ పీకేసినా భయపడకండి, పెదవులతో అందుకుని, తరిగిన మేత తిని కుందేళ్లు చక్కగా బతుకుతాయి.

అయితే ఎముక బాగా చెడిపోయి, నొప్పి మందు వేసినా ముడుచుకునే కూర్చుని, వారాలైనా తానుగా ఒక్క ఆకూ ముట్టక తూకం పడిపోతూ ఉంటే, దయామరణం గురించి డాక్టరుతో మాట్లాడటం కూడా దాని సంరక్షణలో భాగమే. రాసిపెట్టిన కాగితం ముందు పెట్టుకుని మాట్లాడండి. మంచి రోజులు ఎన్ని, చెడ్డ రోజులు ఎన్ని అన్నది అందులోనే తేలుతుంది.

ఇంట్లో రెండో కుందేలుంటే, ఈ పంటి చీము దానికి అంటుకోదు, విడదీయక్కర్లేదు. కానీ రెండూ ఇన్నాళ్లూ తిన్నది ఒకే మేత. వారానికోసారి దాని తూకం చూడండి, కింది దవడ అంచు రెండు వైపులా ఒకేసారి వేళ్లతో తడిమి ఏ వైపైనా ఎత్తు తగులుతోందేమో పోల్చండి. జబ్బు కుందేలును చూపించడానికి తీసుకెళ్లిన రోజే దీని పళ్లూ చూడమనండి.